ఏడో నంబరు బటన్

జూన్ 6

వదినా,

ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. అక్కడ మీరిద్దరూ అదే పనిలో ఉన్నారనుకుంటాను.

రెండ్రోజులకోసారి ఫోన్‌లో చెవి తినే మనిషి కాగితం మీద పడిందేమిటా అనుకుంటున్నావు కదా. కారణముంది. సోమవారం మా అందరిచేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఫలానా విషయం ఫోన్‌లో చెప్పకూడదు, మెయిల్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు, ఫొటో తీయకూడదు. రెండు పేజీలూ వెతికాను. ఉత్తరం రాయకూడదని ఎక్కడా లేదు. అలాంటిది ఒకటుందని రాసినవాళ్ళకు గుర్తులేదు. కాబట్టి నేను మాట తప్పలేదు.

విషయమేమిటంటే, మన కంపెనీ మళ్ళీ టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టె చేద్దామనుకుంటోంది.

నవ్వకు. ఇరవై రెండేళ్ళ కింద ఆఖరి పెట్టె బోల్తా కొట్టాక, ఇంక జన్మలో పెట్టె జోలికి పోమని పేపర్లో వేయించుకున్న కంపెనీయే. ఇప్పుడు ఇక్కడ హెడ్డాఫీసులో కూర్చుని వేరే కంపెనీల పెట్టెల్లో ఆడుకునే గేమ్‌లు తయారు చేస్తున్నారు. అక్కడ మీ ఊరి ఫ్యాక్టరీలో కూరగాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలు చేస్తున్నారు. పాత ఛైర్మన్ పోయాక ఆయన కూతురు కుర్చీ ఎక్కింది. మేడమ్‌కు పెట్టె మీద మోజు. అకౌంట్స్ డైరెక్టర్‌కు పెట్టె మాటెత్తితే ఆయాసం. ఆయన్ని మేమంతా వద్దుగారు అంటాం. ఏ ఫైలు పెట్టినా ముందు వద్దని, తర్వాత చదువుతాడు.

పెద్ద కంపెనీలతో మనం పోటీ పడలేమని మేడమ్‌కూ తెలుసు. అందుకని పాత పెట్టెనే, చేత్తో పట్టుకుని బటన్లు నొక్కే ఆ పాత కంట్రోలర్‌తోనే మళ్ళీ చేద్దామంటుంది. చిన్నప్పుడు దానితో ఆడినవాళ్ళకు ఇప్పుడు బట్టతలలూ ఉద్యోగాలూ వచ్చాయి, వాళ్ళు కొంటారని.

పాత డ్రాయింగులన్నీ నా డాక్యుమెంట్ రూమ్‌లోనే ఉన్నాయి కదా. కొత్త ఇంజనీరు వచ్చి కంట్రోలర్ కాగితం తీశాడు. ప్లాస్టిక్ రంగు ఉంది, రబ్బరు మందం ఉంది. బటన్ ఎంత బలానికి దిగాలి అన్న గడిలో మాత్రం ‘లైన్ సూపర్‌వైజర్ బొటనవేలు ప్రకారం’ అని ఉంది. మూడుసార్లు చదివి, “ఇదేం కొలతండీ?” అన్నాడు.

“కొలత కాదు సార్, మా వదిన” అన్నాను.

అప్పటినుంచీ నిన్ను తీసుకురమ్మని నా వెంట పడ్డాడు. జూలై ముప్పైన బోర్డు మీటింగు. పెట్టె చేద్దామంటే నా గది ఉంటుంది. వద్దంటే కాగితాలన్నీ స్కాన్ చేసి, గదికి తాళం వేసి, నన్ను ఊరవతల గోడౌన్‌కు తోలేస్తారు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. గోడౌన్‌లో ఫ్యాన్ కూడా లేదు. ఒక్క రెండ్రోజులు వచ్చి నాలుగు బటన్లు నొక్కి పో.

నీకంటే నీ వేలి క్షేమం ఎక్కువగా కోరుతున్న,
నీ ఆడపడుచు

జూన్ 13

అమ్మాయ్,

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికి చిక్కింది. “ఎవరంటించారే దీన్ని, మూల దగ్గర గాలి దూరుతోంది” అంటూ కవరు అటూ ఇటూ తిప్పారు. రిటైరైనా ప్యాకింగ్ సెక్షన్ ఆయన్ని వదల్లేదు. ముందు జిగురు చూస్తారు, తర్వాతే సంగతి.

నాకు నవ్వే వచ్చింది. పెళ్ళాన్ని వదిలేసి పోయి, ఇరవై రెండేళ్ళ తర్వాత తలుపు తట్టి “నా చెప్పులు ఎక్కడున్నాయి” అని అడిగే మొగుడిలా ఉంది మీ కంపెనీ. ఈలోపు ఆ ఇంట్లో ఇంకో ముగ్గురు కాపురాలు పెట్టారని మీ మేడమ్‌కు ఎవరైనా చెప్పారా?

ఆ ఆఖరి పెట్టె పోయింది బటన్ల వల్ల కాదు. పాత ఛైర్మన్‌కు తొందరెక్కువై, గేమ్‌లు తయారు కాకముందే పెట్టెను దుకాణాలకు పంపాడు. జనం కొనుక్కుపోయి, ఆడడానికేమీ లేక, దాన్నే చూస్తూ కూర్చున్నారు. మా ఇంట్లో ఉన్నది ఇప్పుడు అటక అందుకోవడానికి పీట. నేనెక్కి నిలబడినా చెక్కు చెదరలేదు. గట్టి సరుకే, కాదనను.

నేను రాలేను. ఫోటోస్టాట్ షాపు ఎవరికి అప్పజెప్పి రాను? మీ అన్నయ్యకిస్తే ప్రతి కాపీకీ టేపు చుట్టి ఇస్తారు. మిషన్ కూడా మొరాయిస్తోంది. నిన్న ఒక లాయరు వచ్చి, కాగితాలు రెండేసి కలిసిపోయి తన దావాలో ప్రతివాదే లేకుండా పోయాడని, వీధంతా వినబడేలా అరిచి వెళ్ళాడు.

ఆ వేలి సంగతి వాళ్ళ చెవిన వేసేముందు నన్నొక మాట అడగాల్సింది. ఫ్యాక్టరీలో పెట్టెల లైన్ మూసిన రోజు గుర్తుందా? అప్పుడు ఆఫీసు కూడా అక్కడే, పై అంతస్తులో ఉండేది. మేం నాలుగు వందలమందిమి కింద గేటు దాటుతుంటే నువ్వు పైన కిటికీలో నిలబడి ఉన్నావు. ఆ వేలి పని ఆరోజుతో అయిపోయింది. దాన్ని అక్కడే వదిలేయండి.

గోడౌన్‌కు ఒక టేబుల్ ఫ్యాన్ కొనుక్కో.

వదిన

జూన్ 20

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి కిటికీ దగ్గర ఆగిపోయాను.

ఇరవై రెండేళ్ళుగా ఆ మాట కడుపులో పెట్టుకున్నావన్నమాట. ఇన్నిసార్లు మా ఇంటికొచ్చావు, కాఫీ తాగావు, నా చీర అంచు పట్టుకుని ఎక్కడ కొన్నావని అడిగావు. ఒక్కసారైనా మొహం మీద అనెయ్యకూడదూ?

నేను వేడుక చూస్తూ నిలబడలేదు. ఆఫీసు వాళ్ళు లైన్ వాళ్ళతో కలవకూడదని ఆరోజు మెట్ల తలుపుకు బయటినుంచి గడియ పెట్టారు. కిటికీ తప్ప ఇంకేం లేదు. అన్నయ్యనడిగితే చెబుతాడందామంటే, ఆయన ఆరోజు కూడా తల ఎత్తకుండా అట్టపెట్టెలకు టేపు వేస్తూనే ఉన్నాడు.

నన్ను సాధించాలనుకుంటే సాధించు. ఆ కోపం బటన్ మీద చూపించకు. ఇంజనీరు పన్నెండు శాంపిళ్ళకు ఆర్డరిచ్చాడు. బటన్ కింద రబ్బరు బుడిపే కదా అసలు సంగతి, దాన్నే పన్నెండు రకాలుగా చేయిస్తున్నాడు. పైకి అన్నీ ఒకటే, నొక్కితేనే తేడా. సప్లయర్ వాటిని మీ ఊరి ఫ్యాక్టరీ స్టోర్స్‌కు పంపుతాడు, స్టోర్స్ వాళ్ళు ట్రేలో సర్ది మీ గుమ్మంలోకే తెచ్చిస్తారు. బస్సెక్కనక్కర్లేదు, షాపు మూయనక్కర్లేదు. కూర్చున్నచోటే నొక్కి, ఏ నంబరో రాసి పంపు.

అదీ చేయనంటే నాకర్థమైపోతుంది.

ఆడపడుచు

జూలై 2

అమ్మాయ్,

ఏమర్థమైపోతుందట నీకు? చిన్నప్పటినుంచీ నీకన్నీ సగం చదవగానే అర్థమైపోతాయి.

ట్రే వచ్చింది. మీ అన్నయ్య గంటసేపు దాన్ని ముట్టుకోనివ్వలేదు. చుట్టూ తిరిగి, వంగి, పక్కనుంచి చూసి, “చూడవే, పన్నెండు గళ్ళు, పన్నెండూ నిండుగా. ఊపినా ఒక్కటి కదలట్లేదు. నేను నేర్పిన ప్యాకింగ్ ఇంకా బతికే ఉంది” అని కళ్ళు తుడుచుకున్నారు. మా పెళ్ళిలో కూడా ఆ కళ్ళలో నీళ్ళు చూడలేదు నేను.

నొక్కాను. నంబరు ఏడు. ట్రే మీ ఆఫీసుకు పంపమని స్టోర్స్ వాళ్ళకు తిరిగిచ్చేశాను.

ఇంకేమీ అడగకు. కిటికీ సంగతి నువ్వనుకుంటున్నట్టు కాదు, తీరికగా రాస్తాను. షాపులో మనుషులు నిలబడి ఉన్నారు.

వదిన

జూలై 14

వదినా! మా తల్లీ!

ఆఫీసంతా నీ పేరే. నీ పేరంటే నీ పేరు కాదు, ఎవరికీ తెలియదు, బొటనవేలుగారు అంటున్నారు.

పేపర్లో వేసి పాత ఆటగాళ్ళను నలభైమందిని పిలిపించారు. కంట్రోలర్లలో ఏడో నంబరు బుడిపె అచ్చు తీయించి పెట్టారు. అప్పటి సూపర్‌వైజర్ స్వయంగా నొక్కి చూసి ఒప్పుకున్న బటన్ ఇది అని ముందే మైకులో చెప్పి, చేతికిచ్చారు. ఇక చూడు. ఒకాయన బ్యాంకు మేనేజరట, బూట్లు విప్పేసి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇంకొకాయన రెండు నిమిషాలు నొక్కి, కళ్ళు మూసుకుని, “మా అమ్మ అన్నానికి పిలుస్తున్నట్టుంది” అన్నాడు. ఆయన పక్కనున్నాయన ముక్కు చీదాడు. నలభైలో ముప్పై ఎనిమిదిమంది అదే, అదే, అచ్చం అదే అన్నారు. మిగతా ఇద్దరిలో ఒకాయన నిద్రపోయాడు, ఒకాయన ఎవరికో తోడొచ్చాడు.

వద్దుగారు గోడకానుకుని అంతా చూసి, “ఊఁ” అన్నాడు. ఆ నోట్లోంచి వద్దు కాకుండా ఇంకో శబ్దం రావడం నా సర్వీసులో ఇదే మొదలు.

పెట్టె అట్ట మీద నీ బొటనవేలి ముద్ర వేయాలని మేడమ్ ఆలోచన. దాని కింద ‘అప్పుడూ ఈ వేలే, ఇప్పుడూ ఈ వేలే’ అని రాయిస్తుందట. ఫొటో తీయడానికి మనిషిని పంపుతారు, గోళ్ళు తీసుకుని ఉండు. ఫోటోస్టాట్ ఇంకు అంటి ఉంటే బాగుండదు.

కిటికీని వదిలేశావనే అనుకుంటున్నాను. వదిలేయకపోతే ఏడు అని రాసి ఉండేదానివి కాదు కదా. నా గదికి కొత్త బీరువా ఇస్తామంటున్నారు.

నీ రుణం ఉంచుకోను,
ఆడపడుచు

జూలై 18

అమ్మాయ్,

ఫొటోవాణ్ణి పంపవద్దని చెప్పు. ముందు కూర్చో, కూర్చుని చదువు.

ఏడో నంబరు నేను చూసి చెప్పింది కాదు. ఆ వేలికి రెండేళ్ళుగా స్పర్శ లేదు.

మొదట తిమ్మిరి అనుకున్నాను. ఒకరోజు పొయ్యి మీద గిన్నె దించి కింద పెట్టాక, ఏదో కమురు వాసన వస్తోందని వంటగదంతా వెతికాను. చివరికి చూస్తే అది నా వేలే. మణికట్టు దగ్గర నరం నలిగిందన్నాడు డాక్టరు. మీ అన్నయ్యకు చెప్పలేదు, చెబితే వేలికి టేపు వేస్తారు. షాపులో కాగితాలు కలిసిపోతున్నది మిషన్ వల్ల కాదు. ఒకటి పట్టుకున్నానో రెండు పట్టుకున్నానో నాకు తెలియడం లేదు. ఆ లాయరు అరిచింది న్యాయమే.

నీ పన్నెండూ నొక్కాను. పన్నెండూ గోడను నొక్కినట్టే ఉన్నాయి. ఎడమ చేత్తో ప్రయత్నించాను, దానికా పని ఎప్పుడూ పెట్టలేదు, అదేం చెబుతుంది. మీ అన్నయ్యను నొక్కమన్నాను. అన్నీ దివ్యంగా ఉన్నాయన్నారు, ప్యాకింగ్‌తో కలిపి. ట్రేలో ఏడో గడి నాకు దగ్గరగా ఉంది. ఏడు అని రాశాను.

ఎందుకు రాశానంటే, ‘అర్థమైపోతుంది’ అన్నావు చూడు, అందుకు. నేను నిన్ను సాధిస్తున్నానని నువ్వు అనుకుంటుంటే, వేలు పోయిందని చెప్పడం కంటే నంబరు రాయడం తేలికనిపించింది. పంతొమ్మిదేళ్ళు ఆ వేలితో నాలుగు వందలమందిని ఆడించినదాన్ని. అది చచ్చిపోయిందని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

కిటికీ సంగతి కూడా ఇప్పుడే రాసేస్తాను. ఆరోజు నేను తలెత్తి చూసింది కోపంతో కాదు. మీ అన్నయ్యతో పాటు నీకైనా పని మిగిలింది కదా అని చూసుకున్నాను. నీ మొహం కూడా సరిగా కనబడలేదు, అద్దం మీద ఎండ పడుతోంది.

మీ మేడమ్‌కు వేరే కాగితం రాసి ఇందులో పెట్టాను. నాలుగే ముక్కలు. వెళ్ళి చేతికిచ్చేయి.

వదిన

జూలై 22

వదినా,

కాగితం ఇవ్వలేదు. నా సొరుగులో ఉంది. ముందు డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళు, అన్నయ్యకు చెప్పు, ఆ తర్వాత ఈ ఉత్తరం మిగతాది చదువు.

నిన్న ఇంజనీరు సప్లయర్‌కు ఫోన్ చేసి, ఏడో నంబరు బుడిపె ఇక మీరే వేలల్లో చేయాలి అన్నాడు. సప్లయర్ అన్నాడట, “సార్, ఏడోదాని అచ్చు పాడైంది. మేం పంపింది పదకొండే.”

ఫ్యాక్టరీ స్టోర్‌కీపర్‌ను పట్టుకున్నాం. అతను కంగారే పడలేదు. “ట్రేలో ఏడో గడి ఖాళీగా ఉందమ్మా. ఖాళీ గడితో ట్రే గేటు దాటకూడదని గోడ మీద రూలుంది కదా. పక్కన కాటా బుడిపెలున్నాయి, ఒకటి తీసి పెట్టేశాను. గడి నిండింది” అన్నాడు.

నువ్వు ఒప్పుకున్నది, ముప్పై ఎనిమిదిమంది మగాళ్ళను ఏడిపించింది, కూరగాయలవాడు కాటా మీద గిన్నె బరువు తీసేయడానికి నొక్కే సున్నా బటన్ వదినా! ఆ రూలు రాసిన మహానుభావుడు ఎవరో నీకు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు నీ పక్కనే కూర్చుని దేనికో టేపు చుడుతుంటాడు.

ఇంజనీరు మొహం సున్నం కొట్టినట్టయింది. గంట తర్వాత తేరుకుని, “మీ వదినగారి వేలు ఎంత గొప్పదంటే, కాటాలో కూడా పాత పెట్టెను గుర్తుపట్టింది” అన్నాడు. నేనేమనను? పైగా ఆ బుడిపెలు మన ఫ్యాక్టరీలోనే తయారవుతాయి, ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. మేడమ్‌కు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక అతనే దాచి పెట్టుకున్నాడు.

ఇప్పుడు నిదానంగా ఆలోచించు. అంతమంది అదే అన్నారు. వాళ్ళకు అదే అయినప్పుడు ఇంకెవరికి కాకూడదు? ఎవరి కొంప మునిగింది? నీ వేలికి తెలియకపోయినా నీ పేరు నిలబడింది, కంపెనీ నిలబడుతుంది. నా గది కోసమే అంటున్నానని నువ్వంటావు. అవును, నా గది కోసం కూడా. యాభై నాలుగేళ్ళ వయసులో గోడౌన్‌లో పురుగులమందు వాసన మధ్య కూర్చోమంటావా?

నోరు విప్పకు. నిన్ను బతిమాలుకుంటున్నాను.

ఆడపడుచు

జూలై 25

అమ్మాయ్,

మీ అన్నయ్యకు రెండూ చెప్పాను. వేలి సంగతి విని, చెయ్యి తీసుకుని కాసేపు తిప్పి చూశారు. రూలు సంగతి విన్నాక మాత్రం గొంతు లేచింది. “రూలు తప్పెలా అవుతుంది? ఖాళీ గడుంటే సరుకు కదలదా?” అన్నారు. అప్పట్నుంచి నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

లైన్‌లో ఒక పొడుగామె ఉండేది. పై అంతస్తు వాళ్ళకు తెలియకపోవచ్చు. ఒకరోజు ఆమె ట్రేను మూడుసార్లు వెనక్కి పంపాను. ఇంట్లో బిడ్డకు జ్వరం. “ఈ ఒక్కసారికి వదిలెయ్ అక్కా, ఎవరికి తెలుస్తుంది” అంది. “నాకు తెలుస్తుంది” అన్నాను. ఆమె బస్సు వెళ్ళిపోయింది, నిలబడి అన్నీ విప్పి మళ్ళీ బిగించింది. కళ్ళనీళ్ళు బటన్ల మీద పడుతుంటే తుడుచుకుంటూ బిగించింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, వదల్లేదు.

ఇప్పుడు అట్ట మీద నా వేలు వేసి దుకాణాల్లో పెడతారు. ఆమె ఎక్కడో ఒకచోట దాన్ని చూస్తుంది. తెలియని వేలితో తెలిసినట్టు రాశానని ఆమెకు తెలియదు. నాకు తెలుస్తుంది.

ముప్పైన ఉదయం మొదటి బస్సుకు వస్తున్నాను. నీ గది పోతుందని తెలియక కాదు, తెలిసే వస్తున్నాను. తిట్టాలనుంటే తిట్టు, కానీ ఆ గేటు దగ్గర నన్ను ఆపకుండా లోపలికి రానిచ్చే కాగితమేదో రాయించి ఉంచు. ఆ పని నీకే చేతనవుతుంది.

వదిన

ఆగస్టు 6

వదినా,

చెప్పాల్సింది చెప్పేసి బస్సుకు టైమైందని వెళ్ళిపోయావు. తలుపు వేసుకున్నాక ఏం జరిగిందో నీకు తెలియాలి.

బోర్డు ముందు ఆ కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చుని, “ఈ వేలికి ఏమీ తెలియదమ్మా, గుండుసూది గుచ్చి చూసుకోండి” అన్నావు చూడు, అప్పుడు వద్దుగారు నిజంగానే టేబుల్ మీద సూది కోసం వెతికాడు. నేను ఫైళ్ళు పట్టుకుని వెనక నిలబడి అంతా చూస్తున్నాను. మేడమ్ నిన్ను “ముందే ఎందుకు చెప్పలేదు?” అని అడిగింది. కాగితం పంపానని నువ్వు అంటావనుకుని ఫైళ్ళు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నువ్వు నావైపు కూడా చూడలేదు. “ఆలస్యం నాదే” అని లేచి వెళ్ళిపోయావు.

అది మింగుడు పడలేదు వదినా. నువ్వు మెట్లు దిగుతుండగానే సొరుగులోంచి ఆ కాగితం తెచ్చి మేడమ్ ముందు పెట్టాను. “ఇది నాకు వచ్చి వారం దాటింది. దాచింది నేను” అన్నాను. ఇంజనీరు కూడా లేచి కాటా బుడిపె సంగతి చెప్పేశాడు. నేను నోరు విప్పాను కాబట్టే అతను లేచాడు, లేకపోతే ఇప్పటికీ వేలి మహిమే పాడుతుండేవాడు.

వద్దుగారికి పండగే. “కంపెనీ భవిష్యత్తు గిన్నె బరువు తీసే బటన్ మీద పెట్టబోయాం” అని అందరి మొహాల్లోకీ చూశాడు. మేడమ్ ఆ కాగితం మడిచి తన ఫైల్లో పెట్టుకుంది. మర్నాడే ఆ నలభైమందినీ మళ్ళీ పిలిపించింది. ఈసారి మైకులో ఎవరూ ఏమీ చెప్పలేదు. పన్నెండు కంట్రోలర్లు ఇచ్చి, పాతది ఏదో రాయండి అంది. పన్నెండింటికీ ఓట్లు పడ్డాయి. అమ్మ పిలుస్తోందన్న ఆయన ఏడోదాన్ని నొక్కి, ఇది మాత్రం ముమ్మాటికీ కాదు అని రాశాడు.

పాత పెట్టె ఆలోచన మూలన పడింది. కానీ మేడమ్ వద్దు అనలేదు. “పాతది ఎవరికీ గుర్తులేదు. కొత్తది చేయగలమా లేదా చూద్దాం” అంది. ఆరు నెలలు గడువు తీసుకుంది. మీ ఊరి ఫ్యాక్టరీలో బటన్లు నొక్కి పరీక్షించే బల్ల మళ్ళీ వేయిస్తుందట. నొక్కి చెప్పేవాళ్ళను తయారు చేయడానికి నిన్ను అడగమంది. “ఆమె వేలు పనిచేయదు కదా మేడమ్” అన్నాడు వద్దుగారు. “ఆమె పనిచేస్తుంది” అంది మేడమ్.

నాకు గోడౌన్ ఖాయమైంది. సోమవారం చేరాను. కాగితం దాచినందుకు మెమో కూడా ఇచ్చారు, అది పెట్టుకోవడానికి ఇక్కడ బీరువా లేదు. నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. మధ్యాహ్నం రేకుల కింద కూర్చున్నప్పుడు బాగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది.

ఆ బల్ల దగ్గరికి వెళ్తావా, వెళ్ళవా? ఇంత చేసి వెళ్ళకపోతే మాత్రం ఊరుకోను.

ఆడపడుచు

సెప్టెంబర్ 10

అమ్మాయ్,

కోపం ఉంచుకో, దాన్ని కాదనే మొహం నాకు లేదు. నువ్వు బోర్డు ముందు నోరు విప్పిన సంగతి మీ అన్నయ్యకు చదివి వినిపించాను. “మా చెల్లెలు” అన్నారు. మధ్యాహ్నం నీకు పంపమని టేబుల్ ఫ్యాన్ ఒకటి కొనుక్కొచ్చి, సాయంత్రం దాకా ప్యాక్ చేశారు. విప్పడానికి మనుషుల సాయం తీసుకో.

బల్ల దగ్గరికి వెళ్తున్నాను. ఉదయం షాపు, మధ్యాహ్నం ఫ్యాక్టరీ. చేతికి ఆపరేషన్ చేస్తే స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. వచ్చే నెల చేయించుకుంటాను. దానికోసం ఇక్కడ పనేమీ ఆగదు.

కాటా లైన్ నుంచి నలుగురు ఆడవాళ్ళను ఇచ్చారు. బల్ల పాతదే, స్టోర్స్ వెనక పడి ఉంటే కడిగించాను. ఏం నేర్పాలో మొదట నాకే తెలియలేదు. అప్పట్లో నాకెవరూ నేర్పలేదు కదా, నొక్కుతూ పోతే అదే వచ్చింది. అందుకని నాకు తెలిసినవి నాలుగు చెప్పాను. బటన్ వైపు చూడకూడదు, ఎదురు గోడను చూడాలి. ఒక్కోదాన్ని వందసార్లు నొక్కాలి, మొదటి పది లెక్కలోకి రావు. పక్కామెతో మాట్లాడకుండా చీటీ మీద రాయాలి. ఎవరు చేయించారు, ఎవరు ఒప్పుకున్నారు అని అడగకూడదు. చివరిది వాళ్ళు మొదటి రోజే మరచిపోయారు.

నంబర్లు తీసేసి పన్నెండూ కలిపి ముందు పెట్టాను. గంట గడవకముందే నలుగురి చీటీల్లోనూ ఒకదాని ఎదురుగా అడ్డగీత ఉంది. అది మన ఏడోదే. నలుగురిలో చిన్నామెకు నోరు ఎక్కువ, కాటాలకు సున్నా బటన్ బిగించేది ఆమే. దాన్ని వేళ్ళతో ఎత్తి పట్టుకుని, “ఇది మన కాటాదమ్మా! ఆటకు ఇదెట్లా పనికొస్తుంది? వేలు దిగాక తిరిగి లేవడానికి దీనికి బద్ధకం. ఎవరు దీన్ని పాస్ చేసింది?” అంది.

“నేనే” అన్నాను.

ముగ్గురు తల దించుకున్నారు. ఆమె దించుకోలేదు. నా మొహం చూస్తూనే చెయ్యి పక్కకు చాపి, దాన్ని రిజెక్ట్ డబ్బాలో పడేసి, తర్వాతది అందుకుంది.

మీ కంపెనీ మళ్ళీ పెట్టె చేస్తుందో లేదో నాకు తెలియదు. ఆరు నెలలయ్యాక వద్దుగారు మళ్ళీ వద్దంటాడు. ఆ బల్లకు ఆమెను సూపర్‌వైజర్‌గా పెట్టమని మీ మేడమ్‌కు ఈరోజే రాశాను. ఈసారి కాగితం నేరుగా ఆవిడకే పంపుతున్నాను, ఏమీ అనుకోకు.

వదిన